మొలవమంటే మొలవదు

అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను నిన్ను. నువ్వుగింజకు తక్కువ, ఆవగింజకు ఎక్కువ. రంగు పాత ఎండుగడ్డిది. భూతద్దం పెడితే గానీ నీ ఒంటి మీది గుంటలు కనబడవు. కనబడ్డాక చూపు తిప్పుకోవడం కష్టం. గుంట పక్కన గుంట, గుంట చుట్టూ గట్టు, తేనె పిండేసిన పట్టు ముక్కలా. లోపల పడుకున్న పప్పు ఎంతని! చీమ తలంత. దాని చుట్టూ కట్టుకున్నది మాత్రం గోల్కొండ కోట.

మొలవమంటే మొలవవు. మొలిచాక ఆగమంటే ఆగవు. ఆ మొండితనానికీ ఈ మొండితనానికీ మధ్య దొరికిన సందులో కూర్చుని నీ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటున్నాను. పొగడ్త అనుకో, మొర అనుకో.

తెలుగులో నీకు పేరు లేదు. బ్లాక్‌బెర్రీ అంటే కొన్నేళ్ళపాటు మా వాళ్ళందరికీ మీటలున్న ఫోను. నేరేడును బ్లాక్‌బెర్రీ అనేవాళ్ళున్నారు, మల్బరీని అనేవాళ్ళు ఇంకా ఎక్కువ. నేరేడు చెట్టెక్కి దులుపుకునేది. మల్బరీ హిందూపురం వైపు పట్టుపురుగులకు ఆకు కోసి వేసేది. నువ్వు ఆ రెండూ కావు. గులాబీ కుటుంబం నీది. ఆ చుట్టరికం పువ్వు చూసేలోపే ముల్లు చెబుతుంది. మా అమ్మ నిన్ను చూసిన పూటే పేరు పెట్టేసింది, కంపపండు అని. ఇంతకంటే మంచి పేరు నాకూ తట్టలేదు.

అమ్మ మే నెలాఖరులో వచ్చింది గుంటూరు నుంచి, ఆరు నెలలు ఉండనిచ్చే ముద్ర వేయించుకుని. సియాటిల్‌కు తూర్పున రెడ్‌మండ్‌లో మా ఇల్లు. మొదటి నెలంతా తొమ్మిదయినా పొద్దు గూకదేమిటని ఆశ్చర్యపోయింది, తర్వాత విసుక్కుంది. జులై రెండో వారంలో డువాల్‌లో ఒక స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్ళాను. వాళ్ళ పెరడు అయిపోయిన చోట ఫర్ చెట్లు మొదలవుతాయి. ఆ చెట్ల మొదట్లో, ఫెర్న్ ఆకుల సందుల్లో, నేల మీద పాకుతూ కనబడ్డావు. సన్నటి గుండ్రటి కాడ, విబూది పూసుకున్నట్టు నీలపు బూడిద రంగు. వేలితో రాస్తే ఆ పొడి పోయి లోపలి ఎరుపు బయటపడింది, ద్రాక్షపండు తుడిచినట్టు. ముళ్ళున్నాయి గానీ వెంట్రుకల్లాంటివి. గుచ్చుకోవు, పట్టుకుంటాయి. చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదలని చంటిపిల్లల్లాగా.

అమ్మ వంగి ఆకు చూసింది. "ఇదేంటే, మారేడులా మూడాకులు!" అంది. ఎక్కడ ఏ ఆకు చూసినా ఊళ్ళో ఏదో ఒక చెట్టు దగ్గరికి తీసుకుపోయి కట్టేస్తే గానీ ఆవిడకు తోచదు. ఈసారి మాత్రం సరిగ్గానే కట్టింది. మూడు రెబ్బలు, నడిమిది కాస్త పెద్దది, అంచులకు రంపపు పళ్ళు.

పండు నా బొటనవేలి గోరంతే. ఒకటి తుంచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"కలేపండు."

కాసేపాగి, "కాదు. కలేపండుకు ఇంత వాసన ఉండదు. కలేపండు మీద అత్తరు పడ్డట్టుంది" అంది.

నిన్ను పండు అంటాం గానీ నువ్వొక గుత్తివి. పూవులోని ఒక్కొక్క అండాశయం ఒక్కొక్క గుండుగా ఊరి, గుండ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని, నల్లపూసల కుచ్చులా ముద్దకట్టుకుంటాయి. ప్రతి పూసలోనూ ఒక గింజ. ప్రతి పూస మీదా ఎండిపోయిన సన్నటి కీలం ఇంకా నిలబడే ఉంటుంది, పుట్టువెంట్రుక తీయించని పిల్లవాడి తల మీదిలాగా. మీ చుట్టమే రాస్ప్‌బెర్రీ. కోస్తే అది నడిమి దుద్దును కొమ్మకే వదిలేసి బోలుగా ఊడివస్తుంది, పిల్లలు వేళ్ళకు టోపీల్లా తొడుక్కుంటారు. నువ్వు అట్లా కాదు. దుద్దుతో సహా వస్తావు. లోపలి తెల్లటి వెన్ను నీతోనే ఉంటుంది.

ఊరంతా తిట్టేది నిన్ను కాదు, నీ దాయాదిని. అది చెప్పకపోతే నీకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ ఎటు నడిచినా అదే. సమామిష్ నది గట్టున, పాత రైలు పట్టాలు తీసేసి సైకిళ్ళకిచ్చిన బర్క్-గిల్మన్ బాట పక్కన, ఫ్రీవే దిగే మలుపుల్లో, అమ్ముడుపోని ఖాళీ స్థలాల్లో మనిషెత్తు దాటిన గుబుర్లు. అంచులు తేలిన లావు కాడలు, పిల్లి గోళ్ళలాంటి ముళ్ళు, ఐదు రెబ్బల ఆకు, తిరగేస్తే తెల్లటి అడుగు. దాన్ని హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు. పేరు వినగానే అమ్మ ముఖం వెలిగింది. "మన హిమాలయాలా!"

మనవి కావు. కాలిఫోర్నియాలో లూథర్ బర్బ్యాంక్ అనే మొక్కల మాంత్రికుడు ఇండియా నుంచి తెప్పించుకున్న విత్తనాల్లోంచి దాన్ని పైకి తీసి, 1885లో హిమాలయా జెయింట్ అని పేరు తగిలించి అమ్మకానికి పెట్టాడు. దాని అసలు పుట్టిల్లు ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ వైపని తర్వాత తేలింది. శాస్త్రీయ నామంలో రూబస్ ఆర్మెనియాకస్ అని సరిదిద్దుకున్నారు గానీ జనం నోట హిమాలయమే నిలిచింది. మా పాస్‌పోర్టుల్లో పుట్టిన ఊరి స్పెల్లింగు ఒక అక్షరం తేడా వస్తే ఎన్ని కాగితాలు, ఎన్ని ప్రమాణ పత్రాలు! దానికి దేశమే మారిపోయినా అడిగిన నాథుడు లేడు. అమ్మకు ఆర్మేనియా మీద ఆసక్తి లేదు. "అయితే మనది కాదన్నమాట" అని ఆ గుబురు వైపు చూడటం మానేసింది.

వాషింగ్టన్ రాష్ట్రం దాన్ని హానికరమైన కలుపు మొక్కల జాబితాలో సి తరగతిలో పెట్టింది. తేనెటీగలు పెంచేవాళ్ళకు మాత్రం దాని పూత పండగే. బ్లాక్‌బెర్రీ తేనె అని సీసాల మీద రాసి మరీ అమ్ముతారు. ఈ కథ నాకు కొత్త కాదు. మా వైపు చెరువు గట్ల మీదా పోరంబోకుల్లోనూ నిండిన సర్కారు తుమ్మ ఇట్లాంటిదే. కట్టెలకు పనికొస్తుందని బ్రిటిష్ వాళ్ళ అటవీశాఖ 1870ల్లో కడప జిల్లా కమలాపురంలో విత్తనం చల్లింది. సర్కారు వేసింది కాబట్టి సర్కారు తుమ్మ. తర్వాత సర్కారే పీకలేకపోయింది. విత్తనం వేసేవాడి ఉద్దేశం విత్తనానికి పట్టదు.

నువ్వు మాత్రం ఈ మట్టికి పుట్టినదానివి. రూబస్ అర్సినస్. అర్సినస్ అంటే ఎలుగుబంటికి చెందినది. తెల్లవాళ్ళ పడవలు ఈ తీరానికి రాకముందు నుంచీ కోస్ట్ సేలిష్ జనాలు నీ పండ్లు తిన్నారు, ఎండబెట్టి అప్పచ్చుల్లా చేసి దాచుకున్నారు. దాయాది ఆగస్టులో పండితే నువ్వు జులైలోనే పండి, ఎవరూ చూడకుండా నేల మీదే రాలిపోతావు. బుట్ట నిండదు నీతో. దోసిలి నిండితే గొప్ప. ఆ రోజు మాకు దోసిలిన్నర దొరికింది. దారిలో దోసిలి తినేశాం. మిగిలిన సగంలోంచే ఈ కథంతా.

తెలివైనవాళ్ళు నిన్ను గింజ నుంచి పెంచరు. ఈ సంగతి దాచడం దేనికి? కొమ్మ కొస వంచి మట్టిలో పెట్టి, పైన ఒక రాయి ఉంచితే చలికాలం వచ్చేలోపు వేళ్ళు పోసుకుంటుంది. వసంతంలో తల్లి నుంచి తెంపేస్తే చాలు, మొక్క సిద్ధం. తల్లి ఎట్లాంటిదో పిల్లా అట్లాంటిదే. గింజ మాట అది కాదు. బజార్లో ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే లావుపాటి పండు గింజ నాటి అదే పండు కోసం కూర్చోవడం, బంగినపల్లి టెంక పాతి బంగినపల్లే కాస్తుందని మంచం వాల్చుకుని కూర్చున్నట్టు. పైగా నీకు ఇంకో మెలిక ఉంది. నీలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, బొప్పాయిలాగా. పూసేదాకా ఏది ఏదో తెలియదు.

అయినా గింజే ఎందుకంటే, గింజలో జూదం ఉంది. 1880ల మొదట్లో కాలిఫోర్నియా శాంటాక్రూజ్‌లో జేమ్స్ హార్వే లోగన్ అనే న్యాయమూర్తి పెరట్లో నీ జాతి ఆడ మొక్క ఒకటి రాస్ప్‌బెర్రీకి దగ్గరలో పూసింది. మగ తోడు లేని ఆ పువ్వుకు తేనెటీగ ఎవరి పుప్పొడి తెచ్చిందో ఆయన చూడలేదు. పండ్లు కాశాయి, గింజలు నాటాడు, వచ్చిన మొలకల్లో ఒకటి లోకంలో అంతవరకూ లేని పండు కాసింది. లోగన్‌బెర్రీ అంటే అదే. ఆరెగన్‌లో మేరియన్ కౌంటీ పొలాల్లో పరీక్షించి 1956లో వదిలిన మేరియన్‌బెర్రీ వంశంలోనూ నీ నెత్తురుంది. ఇక బర్బ్యాంక్ సంగతి సరేసరి. వేలకొద్దీ సంకర మొక్కలు పెంచి, పండు రుచి చూసి, ఒకటో రెండో ఏరుకుని, మిగతావాటిని కాయలతో సహా పీకి కుప్ప పోసి తగలబెట్టేవాడు. అంత గుండెనిబ్బరం నాకు లేదు. నాకు మొలిచినవన్నీ బతకాలి. మంచి రకం కావాలనుకునేవాడికి ఈ గుణం పనికిరాదు.

సరే, గింజ తీయడం. ఇది అమ్మ చేతి పని. గిన్నెలో నీళ్ళు పోసి పండ్లను చేత్తో పిసికింది. గుజ్జు తేలింది, పొల్లు గింజ తేలింది, గట్టి గింజ అడుగుకు చేరింది. రాత్రంతా అట్లాగే వదిలేసి పొద్దున గాలించడం మొదలుపెట్టింది, రాళ్ళ బియ్యం గాలించినట్టు. గిన్నెను ఏటవాలుగా పట్టుకుని, మణికట్టు తిప్పుతూ, పైది పైకి వంపుతూ, అడుగుది అడుగునే నిలుపుతూ. నేను టీ వడకట్టే జల్లెడ ఇవ్వబోయాను. వద్దంది. ఐదుసార్లు గాలించాక గిన్నె అడుగున మిగిలినదాన్ని కాగితం మీద పరిచి లెక్కపెట్టాం. 112. అమ్మ వేళ్ళ సందుల్లో ఊదారంగు మూడు రోజులు పోలేదు. గోరింటాకు పండినట్టుందని మురిసిపోయింది.

ఇప్పుడు కోట తలుపు. అడవిలో అయితే ఎలుగో పిట్టో నిన్ను మింగుతుంది. పొట్టలోని ఆమ్లం నీ పెంకును కాస్త కొరికి పలుచన చేస్తే, మింగినది నిన్ను కోసుల అవతల, పేడతో సహా దింపిపోతుంది. ప్రయోగశాలల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి తీస్తారు. ఇంట్లో ఆ పని వద్దు. ఎలుగుబంటిని తేలేను కాబట్టి హార్డ్‌వేర్ దుకాణం నుంచి ఉప్పుకాగితం తెచ్చాను. అమ్మ దాన్ని వేలితో తడిమి నవ్వింది. "ఇదా! చింతగింజలు రుద్దిన చెయ్యి ఇది."

అష్టాచెమ్మా ఆడటానికి చింతగింజను బండకేసి అరగదీస్తే నల్లటి తోలు పోయి ఒక పక్క తెల్లగా తేలుతుంది. నల్లపక్క, తెల్లపక్క, అవే పాచికలు. రుద్ది రుద్ది సెగ పుట్టిన గింజను పక్కనున్న పిల్ల మోచేతికి అంటించి చురక పెట్టడం అందులో భాగమే. ఆ లెక్క అమ్మ చేతికి అరవై ఏళ్ళయినా పోలేదు. ఎంత రుద్దాలో చూపుతో కాదు, శబ్దంతో చెప్పింది. రెండు ఉప్పుకాగితాల మధ్య నిన్ను పరిచి గుండ్రంగా తిప్పుతుంటే మొదట గరగర వినబడింది. కాసేపటికి ఆ గరగర సన్నబడి, ఇసుకలో నడిచినట్టు అయింది. "చాలు, ఇక పప్పుకు తగులుతుంది" అంది. భూతద్దంలో చూస్తే గట్లన్నీ కొద్దికొద్దిగా అరిగాయి. ఒక్కటీ పగల్లేదు.

అంత గట్టిదానివి నువ్వు. డెన్మార్క్‌లో హరాల్డ్‌స్కేర్ దగ్గర 1835లో బురదనేల తవ్వుతుంటే ఒక స్త్రీ దేహం దొరికింది. దాదాపు 2500 ఏళ్ళ కిందటిది, చెడలేదు. చాన్నాళ్ళకు ఆవిడ పొట్టలో ఏముందో పరీక్షించి చూశారు. పొట్టు తీయని చిరుధాన్యం, బ్లాక్‌బెర్రీలు. ఆ తల్లి ఎవరో, ఏం పేరో, ఎందుకు చచ్చిపోయిందో నీకే తెలియాలి. ఆఖరి ముద్దలో సాక్షివి. అమ్మకు ఈ సంగతి చెబితే గింజల వంక కాసేపు ఊరికే చూసి, "పాపం, కోసుకుని తిన్నదో, ఎవరైనా పెట్టారో" అంది.

తలుపు అరగదీస్తే సరిపోదు. లోపల ఇంకో గడియ ఉంది. మూడు నెలలు తడిగా వెచ్చగా, ఆ తర్వాత మూడు నెలలు తడిగా చల్లగా ఉంటే గానీ ఆ గడియ జారదు. ఎందుకింత తంతు? జులైలో రాలిన గింజ తొందరపడి సెప్టెంబరులో మొలిస్తే డిసెంబరు మంచుకు మాడిపోతుంది. కాబట్టి ఎండాకాలం తోక గడవాలి, చలి మొత్తం గడవాలి, ఆ తర్వాతే లేవాలి. నిద్రలోనే రోజులు లెక్కపెట్టుకుంటావు నువ్వు. అవకాశం రాకపోతే అడవి మట్టిలో దశాబ్దాలైనా అట్లాగే పడుకుంటావు. ఏదో ఒకనాడు చెట్టు కూలి నేల మీద ఎండపడితే అప్పుడు లేస్తావు.

మా నేరేడు గింజకు ఇంత ఓపిక లేదు. ఆరబెట్టి దాచితే రెండు మూడు వారాల్లోనే ప్రాణం జారిపోతుంది. తొలకరికి పండుతుంది, తడినేలకు రాలుతుంది, ఆ తడిలోనే మొలుస్తుంది. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు రావడమూ మామూలే. అది వానను నమ్ముకున్న గింజ. నువ్వు చలిని నమ్ముకున్నదానివి. నేను ఆ గింజల దేశంలో పుట్టి ఈ గింజల దేశంలో బతుకుతున్నాను. ఏమీ దాచుకోకుండా వెంటనే మొలవడం మంచిదా, లోపలే లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం మంచిదా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ తగువు తీర్చడం నావల్ల కాదు.

తడి ఇసుకలో కలిపి జిప్పున్న కవరులో పోశాం. పిండితే ఒక్క చుక్క రాలీ రాలనంత తడి ఉంటే చాలు. కవరు మీద ప్లాస్టరు అంటించి, అమ్మ తన గుండ్రటి అక్షరాలతో 'కంపపండు' అని రాసి తేదీ వేసింది. మూడు నెలలు ఫ్రిజ్ నెత్తి మీద, వెచ్చటి చోట. వారానికోసారి తెరిచి గాలి పట్టించాలి. రెండోసారి తెరిచేసరికి బూజు, దూదిలాగా. నేను పారేద్దామన్నాను. అమ్మ మళ్ళీ గాలించి, కొత్త ఇసుక మార్చింది. అసలు ఆ పెంకును మెత్తబరిచే పనిలో మట్టిలోని బూజుకూ వంతు ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. మనం అసహ్యించుకుని కడిగేసిన పనివాడు.

అక్టోబరు నడుమ కవరు ఫ్రిజ్ లోపలికి పోయింది. గోంగూర పచ్చడి సీసాకూ దోసెల పిండి డబ్బాకూ మధ్యన. మా ఆయన రెండుసార్లు దాన్ని పాడైన కొబ్బరికోరు అనుకుని చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాడు. రెండుసార్లూ అమ్మ రాత కాపాడింది. నవంబరు మూడోవారంలో అమ్మ వెళ్ళిపోయింది. సూట్‌కేసు బరువు తూచే రాద్ధాంతంలో కూడా ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి కవరును ముందుకు లాగి, "కుదుపులకు వెనక్కి పోయి గడ్డ కట్టేస్తుంది, ఇట్లా ముందుకుంచు" అంది. ఆ చలికాలమంతా పాలకో పెరుగుకో తలుపు తీసిన ప్రతిసారీ లైటు వెలిగి ఆ గుండ్రటి అక్షరాలు కనబడేవి.

మార్చి మొదట్లో తీశాను. మూడు నెలలు చాలేదానికి ఇంకో నెలన్నర వడ్డీ కట్టాను. లోతుగా పెట్టకూడదు నిన్ను. గోరు మందాన మట్టి, అంతే. మెత్తటి మట్టి తొట్లలో పైపైన చల్లి, తడిచెయ్యి విదిల్చినంత నీళ్ళు. వంటింటి కిటికీ గట్టు. బయట సియాటిల్ వాన, ఆరు నెలలు ఆగకుండా ఏడ్చే పిల్లలాగా.

ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. మట్టి మట్టిలాగే ఉంది. రోజూ పొద్దున కాఫీ పెట్టుకుంటూ వంగి చూడటం, ఏమీ లేదని వీడియో కాల్‌లో అమ్మకు చెప్పడం. "తవ్వి చూడకు. కడుపుతో ఉన్నదాన్ని రోజూ నెలలెన్ని అని అడుగుతారా?" అని కసిరింది. ఇరవై ఆరో రోజున మట్టి మీద ఒక పచ్చటి వంపు. సూదిలో ఎక్కించబోయే దారంలా వంగి, తలను ఇంకా మట్టిలోనే దాచుకుని. సాయంత్రానికి నిటారుగా లేచింది. నీ పెంకు రెండు చిప్పలుగా విడి, ఒక చిప్ప ఇంకా ఆకు కొసకు పట్టుకుని ఉంది. ఏడెనిమిది నెలలు నన్నూ అమ్మనూ ఆడించిన కోట అది. చిటికెనవేలి గోటితో తడితే రాలిపోయింది.

నీ మొదటి రెండాకులు ఎట్లా ఉంటాయో చూసినవాళ్ళు తక్కువ. చెరొక మినప్పప్పు బద్దంత, కోడిగుడ్డు ఆకారం. అంచు పొడుగునా కంటిరెప్పల్లాంటి సన్నటి నూగు. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే ఆ నూగు కొసల్లో మెరుపు. తర్వాత వచ్చిన ఆకు మారేడు కాదు, ఒంటి రెబ్బది, చుట్టూ పళ్ళతో. మూడు రెబ్బల తెలివి నీకు పుట్టుకతో రాలేదన్నమాట, నాలుగైదు ఆకులు వేశాక నేర్చుకున్నావు. ముల్లు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. అంగుళం ఎత్తు లేని కాడ మీద అప్పటికే ముళ్ళ నూగు.

112లో 19 మొలిచాయి. తడి ఎక్కువైందో, కిటికీ గాలి చాలలేదో, ఒక్క రాత్రిలో ఎనిమిది మొలకల మొదళ్ళు నీరుకారి పడిపోయాయి. తప్పు నాదే, రోజుకు రెండుసార్లు నీళ్ళు చిలకరించాను. మిగిలినవాటిని మే నెలలో బయటి కుండీల్లోకి మార్చిన మూడోరోజు పొద్దున ఏడు కుండీల్లో ఉత్త కాడలు. అంచు మీద వెండి జరీ గీత. స్లగ్ అంటారు ఇక్కడ, డొప్ప లేని నత్త. అదైనా మొత్తం తినదు, ఒక్కొక్కదాని తల కొరికి పక్కదానికి పోతుంది, పెళ్ళిలో అన్ని కూరలూ రుచిచూసేవాళ్ళలాగా. నాలుగు మిగిలాయి. బర్బ్యాంక్ నిప్పు పెట్టి చేసిన ఏరివేత నా పెరట్లో ఒక నత్త చేసింది.

పక్కింటి పెద్దావిడకు డెబ్బై దాటాయి. ప్రతి ఫిబ్రవరిలోనూ మోచేతుల దాకా తోలు చేతొడుగులు వేసుకుని, కంచె పొడుగునా నీ దాయాది వేళ్ళ గడ్డలు తవ్వుతుంది. ముప్పై ఏళ్ళుగా తవ్వుతోందట. నేను కుండీలో నీకు పుల్ల ఊతం పెడుతుంటే కంచె మీదుగా చూసి, ఏం మొక్క అంది. చెప్పాను. నవ్వలేదు. "గింజ నుంచి?" అంది. అవునన్నాను. "కావాలనా?" అంది.

ఇది వేరే జాతి, ఇక్కడిదే, అంత దూకుడు ఉండదు అని సర్దిచెప్పాను. ఆవిడ తల ఊపింది, అప్పు తీరుస్తానన్న చుట్టాన్ని నమ్మినట్టు.

నీ కాడకు రెండేళ్ళే ఆయుష్షు. వేరు మాత్రం ఏళ్ళకేళ్ళు బతుకుతుంది. మొదటి ఏడు ఒట్టి ఆకు, పొడుగు, పాకుడు. రెండో ఏడు అదే కాడ పూస్తుంది, కాస్తుంది, ఎండిపోతుంది. అది పోయేలోపు పక్కనుంచి కొత్తది లేస్తుంది. ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళు ఒకేసారి ఉన్నట్టు, ఎండినదీ కాసేదీ లేతదీ ఒకే మొదట్లో. చలికాలంలో ఆకు పూర్తిగా రాల్చవు, తమలపాకు వక్క నమిలిన రంగుకు తిరిగి అట్లాగే నిలబడతావు. దాన్ని చూసి మొదటి డిసెంబరు చచ్చిపోయావనుకున్నాను.

రెండో వసంతం, మే మొదటివారంలో ఒక కుండీ పూసింది. తెల్లటి ఐదు రేకులు, సన్నగా పొడుగ్గా, నడుమ కేసరాల కుచ్చు. ఫొటో పంపాను. మూడు రోజులకు రెండో కుండీ, అదీ అంతే. పొడుగు రేకులు, పుప్పొడి. రెండూ మగవే. అమ్మకు గుంటూరులో తెల్లవారుజాము. "మగపెళ్ళివారు దిగారు, పిల్లేదీ?" అంది.

పది రోజులకు మూడోది పూసింది. రేకులు పొట్టివి, పువ్వు సగం. నడుమ ఆకుపచ్చటి చిన్న బొడిపె, దాని నిండా సన్నటి కీలాలు, కేసరాలు పేరుకే. మగపువ్వులు అప్పటికే రాలుతున్నాయి, రెండు కుండీల్లో కలిపి పట్టుమని పది లేవు. నేను బొమ్మలు వేసే కుంచె పట్టుకుని వెళ్ళేసరికి, బొద్దుగా ఉన్న తుమ్మెద ఒకటి ఆ పనిలోనే ఉంది. కుంచె జేబులో పెట్టుకున్నాను.

జులైలో ఏడు కాయలు. పూర్తిగా కట్టింది ఒక్కటే. మిగతావాటిలో పుప్పొడి అందిన పక్క గుండ్లు ఊరాయి, అందని పక్క బోడిగా ఉండిపోయింది, పళ్ళూడిన నోరులా. ఆకుపచ్చ నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపు. నల్లబడిన రోజే కోయకూడదు. మెరుపు కాస్త చచ్చి, ముట్టుకుంటే చేతిలోకి దానంతటదే రాలేదాకా ఆగాలి. ఆగాను. ఆరు కాయల విషయంలో రాబిన్ పిట్ట ఆగలేదు. ఆ ఒక్క నిండు పండు మాత్రం ఆకు కింద మిగిలింది. తుంచి, నాలుక మీద పెట్టుకుని, పళ్ళు ఆనించకుండా అంగిలికి అదిమాను. కలేపండు, దాని మీద అత్తరు. గింజలు పంటి సందుల్లో ఇరుక్కుని రాత్రిదాకా ఉన్నాయి. కొన్ని ఉమ్మేసి కాగితంలో చుట్టాను. ఈ పొద్దున అరచేతిలో పెట్టుకుని చూస్తున్న గింజ వాటిలోదే.

నాలుగో కుండీ ఇంతవరకూ పూయలేదు. ఆడో మగో తెలియదు. అమ్మ ప్రతి ఆదివారం అడుగుతుంది, వచ్చే ఏడు టికెట్టు జూన్‌కు తీయమంటుంది. పువ్వు లేదు గానీ దాని పాకుడు ఇంకే కుండీకీ లేదు. వేసవంతా నేను చూసుకోలేదు. సెప్టెంబరు ఆఖరులో ఆకులు ఊడుస్తుంటే ఒక కాడ కుండీ దిగి, గచ్చు దాటి, కంచె చెక్కల కింది సందులోంచి అవతలికి పోయి కనబడింది. పీట వేసుకుని పైనుంచి తొంగిచూశాను. పెద్దావిడ ఫిబ్రవరిలో శుభ్రంగా తవ్వి చదును చేసుకున్న మట్టి. కాడ కొసకు ఆకులు చిన్నవై, తెల్లబడి, ముక్కు ఆ మట్టిలోకి దూరి ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని చెయ్యి చాపి లాగాను.

రాలేదు.